జాబులూ జవాబులూ: గ్రంథాలయంలో ఏమేం జరుగుతాయి?

గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, హైదరాబాద్ నగరంలోని పౌర గ్రంథాలయాలలో జరిగే సభలకూ, పిల్లల పోటీలకూ, వేసవి శిబిరాలకూ ప్రవేశ రుసుము ఉండదని మాటవరసకు ఒక వాక్యం రాశాను. అదే సంచికలో పింఛను నిబంధనల మీద రెండు పేజీలు వివరంగా రాస్తే వాటికి వచ్చినవి మూడు ఉత్తరాలు. ఈ ఒక్క వాక్యానికి వచ్చినవి ఒక సంచెడు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని గ్రంథాలయాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఏడో తరగతి, చిన్నవాడు నాలుగు. వేసవి శిబిరానికి ఇద్దరికీ కలిపి చెబుతున్న ఫీజు మా ఇంటి నెల సరుకుల ఖర్చంత ఉంది. గ్రంథాలయంలో డబ్బు తీసుకోకుండా నేర్పుతారని మీరు రాశారు. ఊరికే వచ్చేదానికి విలువ ఉండదని మావారంటున్నారు. పంపవచ్చునా? — ఒక గృహిణి, నల్లకుంట

జవాబు: ముందు మీవారి మాటకు జవాబు చెబుతాను. అది ఊరికే వచ్చేది కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం వసూలవుతుంది. ఆ లెక్కన 5,000 రూపాయల పన్ను మీద 400 రూపాయలు గ్రంథాలయానికి చేరవలసిన సొమ్ము. పన్ను వసూలు చేసే స్థానిక సంస్థ దానిని గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అద్దె ఇంట్లో ఉన్నామనుకున్నా, ఇంటాయన ఆ భారాన్ని అద్దెలో కలపకుండా ఉంటాడని నేననుకోను. కాబట్టి మీ పిల్లలు అక్కడికి వెళ్లి కూర్చుంటే, ఇన్నేళ్లుగా మీరు కడుతున్న చందాకు ఇప్పుడు ఫలితం అందుకుంటున్నారని అనుకోవాలి.

ఇక అక్కడ నేర్పేదేమిటంటారా? వేసవి సెలవుల్లో చాలా గ్రంథాలయాలలో కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు వేయించడం, కాగితాలతో బొమ్మలు చేయించడం, చదరంగం వంటివి ఉంటాయి. ఏ శాఖలో ఏమి ఉంటుందనేది అక్కడి గ్రంథపాలకుల ఓపిక మీదా, సాయం చేయడానికి వచ్చే వాళ్ల మీదా ఆధారపడి ఉంటుంది. ఖరీదైన శిబిరంలో ఉన్నట్లు రంగు చొక్కా, సంచీ, ఆఖరి రోజున వీడియో ఇక్కడ ఆశించకండి.

నేను చూసినదొకటి చెబుతాను. ఒక శాఖా గ్రంథాలయంలో మే నెల ఉదయం పూట పదిహేను మంది పిల్లలు చాప మీద కూర్చున్నారు. పక్కనే బల్ల దగ్గర పెద్దమనుషులు ఒకే దినపత్రికను నాలుగు ముక్కలుగా విడదీసి, ఆటల పేజీ ఒకరు, సంపాదకీయం ఒకరు చదువుకుంటున్నారు. గ్రంథపాలకురాలు కథను సగం చదివి పుస్తకం మూసేసి, తర్వాత ఏమై ఉంటుందో చెప్పమంది. పిల్లలు తలా ఒకటి చెబుతుంటే, సంపాదకీయం చదువుతున్న పెద్దాయన కళ్లజోడు పైకెత్తి, “ఆ నక్క అంత తెలివితక్కువది కాదమ్మా” అని తానూ కలగజేసుకున్నాడు. తర్వాత పావుగంటసేపు పిల్లలకూ ఆయనకూ వాదం నడిచింది. ఆ వాదం ఏ శిబిరంలోనూ డబ్బిచ్చి కొనుక్కోగలిగేది కాదు.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. నేనే ఒకసారి మా మనవరాలిని వెంటబెట్టుకుని, గోడ మీది ప్రకటన నమ్మి, ఆదివారం పదకొండు గంటలకు ఒక గ్రంథాలయానికి వెళ్లాను. కార్యక్రమం ముందురోజే అయిపోయిందట; ప్రకటన మార్చడం మరిచిపోయారట. ఎండలో తిరిగి వస్తూ ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. అందుచేత ముందురోజు ఎవరో ఒకరు స్వయంగా వెళ్లి అడిగి రావడం మేలు. వారపు సెలవు ఆదివారమే అయి ఉంటుందని కూడా అనుకోవద్దు. మన గ్రంథాలయాలలో చాలావాటికి శుక్రవారం సెలవు ఉండే ఆనవాయితీ ఉంది.

వేసవి దాటిపోతే నవంబరు వరకు ఆగండి. 14 నుంచి 20 వరకు దేశమంతటా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. 1968 నుంచి వస్తున్న ఆచారమిది. బాలల దినోత్సవం నాడు మొదలవుతాయి కనుక సందడంతా పిల్లలదే. పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం, ముగ్గులు, క్విజ్, పెద్దలకు కవిసమ్మేళనం జరిపి చివరి రోజున బహుమతులు పంచుతారు. పేర్లు నవంబరు మొదటి వారంలోనే ఇచ్చి రావాలి. 14వ తేదీ ఉదయం వెళ్తే పాఠశాలల నుంచి వరుసలు కట్టి వచ్చిన పిల్లల వెనక నిలబడవలసి వస్తుంది.

ప్రశ్న: ప్రవేశం ఉచితమని వెళ్తే సభ్యత్వానికి డిపాజిట్ కట్టమన్నారు. ఇది ఏ విధమైన ఉచితం? — ఒక పాఠకుడు, అంబర్‌పేట

జవాబు: రెండూ వేరు. లోపలికి వెళ్లి చదువుకోవడానికి, సభలో కూర్చోవడానికి డబ్బు అక్కర్లేదు. పుస్తకం ఇంటికి తీసుకువెళ్లాలంటే సభ్యత్వం కావాలి. దానికి కట్టే ధరావతు సభ్యత్వం వదులుకున్నప్పుడు తిరిగి వస్తుంది కాబట్టి రసీదు పారేయకండి. లోపలికి వెళ్లేటప్పుడు సందర్శకుల పుస్తకంలో సంతకం చేయడం మాత్రం మరవవద్దు. కార్యక్రమానికి నలభై మంది వచ్చి పన్నెండు సంతకాలే ఉంటే, వచ్చే ఏడాది అలాంటి కార్యక్రమం ఎందుకని పైవాళ్లు అడిగినప్పుడు గ్రంథపాలకుడి దగ్గర చూపించడానికేమీ ఉండదు.

ప్రశ్న: నేను అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుకుంటున్నాను. రోజూ చిక్కడపల్లి గ్రంథాలయమే నాకు ఇల్లు. సభలు, సన్మానాలు ఉన్న రోజున మైకు మోతతో చదువు సాగదు. మాలాంటి వాళ్లకు ఉపయోగపడేవి తప్ప తక్కినవి వేరే చోట పెట్టుకోమని మీరు రాయగలరా? — ఒక ఉద్యోగార్థి

జవాబు: మైకు సంగతిలో మీ పక్షమే నేను. చదువుకునే గది పక్కన లౌడ్‌స్పీకరు పెట్టి సన్మానపత్రాలు చదవడం గ్రంథాలయానికి తగిన పని కాదు. వచ్చే వారం ఏ రోజు ఏ వేళ సభ ఉన్నదీ ముందుగా పలకమీద రాయాలని, మైకు అవసరమైతే సభామందిరం తలుపులు మూసి దానికే పరిమితం చేయాలని మీరు పది మంది కలిసి సంతకాలతో వినతి ఇవ్వండి. న్యాయమైన కోరిక కాబట్టి దానిని తోసిపుచ్చడం కష్టం.

తక్కినవి వేరే చోట పెట్టుకోవాలన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. ఉదయమే టిఫిన్ డబ్బాతో వచ్చి కుర్చీ పట్టుకుని, సొంత పుస్తకాలు ముందు పెట్టుకుని రాత్రి దాకా కూర్చునే మీ కష్టం నాకు తెలియనిది కాదు. ఊళ్లో భూమి అమ్మో, అప్పు తెచ్చో పంపించిన నాన్న ముఖం గుర్తుకొస్తే ఏ శబ్దమైనా చికాకు పెడుతుంది. కానీ చెట్టు కింద దొరికినా సరిపోయే నిశ్శబ్దం కోసమే గ్రంథాలయం కట్టలేదు. మద్రాసులో గణితం చెబుతూ 1924లో విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో ఆఖరిది, గ్రంథాలయం పెరిగే ప్రాణి అని. పెరగడమంటే అలమరాలు పెరగడం ఒక్కటే కాదు. వచ్చే మనుషుల తీరులు కూడా పెరగాలి. ముగ్గుల పోటీకి వచ్చిన గృహిణి, కథ వినడానికి వచ్చిన పిల్లవాడు కూడా ఆ 8 పైసల హక్కుదారులే.

పైగా మీ సిలబస్‌లో తెలంగాణ చరిత్ర, సంస్కృతి ఉన్నాయి కదా. కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతారు. అలాంటి రోజున గంటసేపు ఒక మంచి ప్రసంగం వింటే గైడు పుస్తకంలో నాలుగు పేజీల పాటి విషయం తలకెక్కుతుంది. ఇంకొక సలహా కూడా ఉంది. మీలో కొందరు మెయిన్స్ రాసి, ఇంటర్వ్యూ గది దాకా వెళ్లి వచ్చిన వాళ్లు ఉంటారు. నెలకొక సాయంత్రం వారి అనుభవం కొత్తవాళ్లకు చెప్పే కార్యక్రమానికి గది అడిగి చూడండి. దానికి కోచింగ్ కేంద్రాల్లో ఎంత తీసుకుంటారో మీకే బాగా తెలుసు.

ప్రశ్న: తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మా బస్తీ గ్రంథాలయంలో వారానికొక రోజు పిల్లలకు పద్యం చదవడం నేర్పాలని ఉంది. నాకు పారితోషికం అక్కర్లేదు. ఎవరిని అడగాలి? — విశ్రాంత ఉపాధ్యాయుడు, రామంతాపూర్

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివి సంతోషించాను. ముందుగా శాఖా గ్రంథపాలకుడితో నోటిమాటగా మాట్లాడండి. ఆయనకు ఇష్టమైతే గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేరున ఒక పేజీకి మించని విన్నపం రాసి, ఆయన చేతనే పైకి పంపించండి. ఏమి నేర్పుతారు, ఏ వయసు వారికి, ఎన్ని వారాలు, ఏ వేళ అనేవి అందులో ఉండాలి. ఎవరి దగ్గరా రుసుము తీసుకోననీ, పుస్తకాలు అమ్మననీ, పార్టీ ప్రచారం గానీ కుల, మత ప్రచారం గానీ ఉండదనీ మీరే ముందుగా రాసేస్తే సగం సందేహాలు తీరిపోతాయి. మొదటిసారే ఏడాది కార్యక్రమం ప్రతిపాదించకండి. ఆరు వారాలు చాలు.

మొదటి వారం నలుగురే రావచ్చు. దిగులు పడకండి. నలుగురికే చెప్పండి, వచ్చే వారం వారే మరో నలుగురిని తెస్తారు. ఛందస్సు జోలికి మాత్రం వెంటనే వెళ్లకండి. గణాల లెక్క మొదలుపెడితే పిల్లలు లెక్కల ట్యూషన్ అనుకుంటారు. ముందు గొంతెత్తి చదవనివ్వండి.

మీరు అడిగిన అనుమతి ఒకప్పుడు ఈ నగరంలో ఎంత పెద్ద విషయమో కూడా చెప్పాలనిపిస్తోంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు మొదలైనవారు పూనుకొని 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని స్థాపించారు. దాన్ని మొదట నడిపింది రావిచెట్టు వారి ఇంట్లోనే. తర్వాతి కాలంలో నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చి, ముందుగా అనుమతి లేనిదే సభలు జరపకూడదన్నది. అలాంటి రోజుల్లో గ్రంథాలయ వార్షికోత్సవమంటే తెలుగువారు నలుగురు ఒకచోట కూర్చుని తెలుగులో మాట్లాడుకునే అరుదైన అవకాశం. ఇప్పుడు మీకు కావలసింది ఒక పేజీ విన్నపం, గ్రంథపాలకుడి ముద్ర. ముద్ర ఆలస్యమైతే పోరాడి తెచ్చుకోండి.

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు. సభలకు తీసుకువెళ్లగలను గానీ, చదువుకోవడానికి వాడికేమైనా ఉందా? — ఒక అక్క, మలక్‌పేట

జవాబు: సభలు, కథా పఠనాలు అతనికి ఎలాగూ అందుతాయి, ముందు వరుసలో కుర్చీ ఇప్పించడం నిర్వాహకుల బాధ్యత, మొహమాటపడకుండా అడగండి. చదువుకోవడానికి 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. అచ్చు అక్షరం చదవలేని వారి కోసమే దానిని ఏర్పాటు చేశారు. పేరు నమోదుకు వైకల్య ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: అఫ్జల్‌గంజ్ గ్రంథాలయ భవనాన్ని బస్సులోంచి చూడడమే గానీ ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు. చదివే పని లేకుండా ఊరికే చూసి రావచ్చునా? మా అమ్మగారికి 70 ఏళ్లు, ఆవిడను కూడా తీసుకువెళ్లాలని ఉంది. — ఒక పాఠకురాలు, ముషీరాబాద్

జవాబు: నిస్సంకోచంగా వెళ్లండి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి వచ్చి, 1955 నాటి చట్టంతో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైన సంస్థ అది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లంతో పాటు అరబ్బీ, ఫారసీ పుస్తకాలు కూడా ఒకే కప్పు కింద ఉండే చోటు మన నగరంలో అంత సులువుగా దొరకదు.

మీరు ముషీరాబాద్‌లో మెట్రో ఎక్కితే పని తేలిక. ఆకుపచ్చ మార్గంలో చిక్కడపల్లి స్టేషన్ దగ్గర నగర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్ బజార్ దగ్గర భాషా నిలయం, చివరి స్టేషన్ ఎంజీబీఎస్‌లో దిగితే అఫ్జల్‌గంజ్. ఆ మార్గం వేసినవారు ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని ఉంటారని నేననుకోను గానీ, మనకు మాత్రం బాగా కలిసివచ్చింది. ఎంజీబీఎస్ నుంచి గ్రంథాలయానికి రద్దీలో నడక కొంత ఉంటుంది, అమ్మగారి కోసం ఆటో మాట్లాడుకోండి. నవంబరు వారోత్సవాలలో వెళ్తే పుస్తక ప్రదర్శన కూడా చూడవచ్చు. మెట్లున్నాయి, ఉదయం పూటే బయలుదేరండి. ఆవిడ ఏ భాషలో చదువుతారో ముందే కనుక్కుని ఉంచితే, మీరు భవనం చూస్తున్నంతసేపూ ఆవిడ ఒక పత్రిక పట్టుకుని చల్లగా కూర్చుంటారు.