చక్రమా, వలయమా, చుట్టా?

సందేహం: మా మామయ్యకు మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్. ఆయన వాడే మందు గురించి తెలుగులో వెతికితే ఒక వ్యాసంలో ‘సీడీ38 అనే ఏడీపీ-రైబోసైల్ చక్రీకరణ కారకం చేత ఎన్‌ఏడీ చక్రీకరించబడుతుంది’ అని ఉంది. ఇంకోచోట ‘వలయీకరణ ఎంజైమ్’ అన్నారు. ‘సైక్లేజ్’కు తెలుగులో ఏది సరైన మాట?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ మామయ్యగారు త్వరగా కోలుకోవాలి. ఇంట్లో టెన్షన్ పడుతూ చదివేవాళ్లకు ఇలాంటి వాక్యం అందించడం నాకు చాలా బాధగా ఉంది.

‘చక్రీకరణ’లో వ్యాకరణ దోషం లేదు. చక్రం కానిదాన్ని చక్రంగా చేయడం, అంతే. గ్రీకు ‘కుక్లోస్’, సంస్కృత ‘చక్రం’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు కూడా. కానీ తెలుగులో చక్రం అనగానే ఇరుసు, ఆకులు, తిరగడం గుర్తుకొస్తాయి. ఇక్కడ తిరిగేది ఏదీ లేదు. ఎన్‌ఏడీ మన కణాల్లో ఉండే పొడుగాటి అణువు. దానికి ఒక కొసన అడెనీన్, రెండో కొసన నికోటినమైడ్ ఉంటాయి. సీడీ38 లాంటి ఎంజైమ్ నికోటినమైడ్‌ను తెంపేస్తుంది. అది ఖాళీ చేసిన చోటికి అడెనీన్ కొస వంగి వచ్చి అతుక్కుంటుంది. నడుమ ఖాళీగా ఉండే ఇలాంటి ఆకారానికి కంకణం అనే అర్థమున్న ‘వలయం’ నయం. బెంజీన్ వలయం అని ఎప్పటినుంచో రాస్తూనే ఉన్నాం.

కానీ ఇదే పని మన ఊళ్లో తాడుతో చేస్తే ఏమంటాం? చుట్ట చుట్టాడు అంటాం. పాము చుట్ట చుట్టుకుంటుంది. నీళ్ల బిందె కింద తలమీద పెట్టుకునేది చుట్టకుదురు. ఈ ‘చుట్టు’ ధాతువు దగ్గర కాసేపు ఆగాలి. తమిళంలో ఱకారం జంటగా వచ్చేచోట మనకు తరచు ‘ట్ట’ వస్తుంది. వాళ్ల ‘పఱ్ఱు’ మన పట్టు, వాళ్ల ‘పుఱ్ఱు’ మన పుట్ట, వాళ్ల ‘చుఱ్ఱు’ మన చుట్టు. ఆ వరసలోనే వాళ్ల ‘చుఱ్ఱం’ మన చుట్టం. అంటే మన చుట్టూ ఉండేవాడే చుట్టం. సంస్కృతం అదే మనిషిని కట్టుబడినవాడిగా చూసి ‘బంధువు’ అంది. ఒక భాష ముడిని చూసింది, ఒక భాష ఆవరణను చూసింది.

బద్దెనదిగా చెప్పే సుమతీ శతకంలో ఈ రెండు మాటలూ ఉన్నాయి. ‘అక్కరకు రాని చుట్టము, మ్రొక్కిన వరమీని వేల్పు’ అన్నచోట చుట్టం. ‘ఎప్పుడు సంపద కలిగిన నప్పుడు బంధువులు వత్తురు’ అన్నచోట బంధువు. ఇది ఛందస్సు కోసం చేసిన సర్దుబాటు కాదు. చుట్టము, బంధువు రెండూ భగణాలే, అంటే ఒక గురువు, రెండు లఘువులు. ఒకదాని చోట ఇంకొకటి వేసినా కందం చెడదు, యతిప్రాసలకు భంగం రాదు. అక్కరలో చుట్టూ నిలవాల్సినవాడు చుట్టం, సంపద చూసి వచ్చేవాడు బంధువు అని కవి తూచి వేశాడని నాకు తోస్తుంది. రుజువు చేయలేను, కానీ ఆ పద్యాలు చదివిన ప్రతిసారీ అలాగే అనిపిస్తుంది. ఆ చుట్టూ నిలిచే పనే ఇప్పుడు మీరు చేస్తున్నారు.

రసాయన శాస్త్రంలో ఈ రెండూ ఒకచోట కలుస్తాయి. కొసలు కలిపేది బంధం, కలిశాక ఏర్పడేది చుట్ట. మరి ‘చుట్ట ఎంజైమ్’ అనేద్దామా? అనలేం. ఒట్టి ‘చుట్ట’ అంటే ఇవాళ పొగాకే ముందు గుర్తొస్తుంది. (నికోటినమైడ్ పేరులో ఉన్నదీ ఆ పొగాకు మాటే.) వివరించేటప్పుడు ‘చుట్టగా కలిపే’ అనండి, పేరు మాత్రం సైక్లేజ్ అనే ఉంచండి.

పేరును అనువదించవద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఆ పేరే మనిషి విషయంలో సగం నిజం. సముద్రంలో ఉండే అప్లీసియా అనే నత్తజాతి జీవిలోని ఎంజైమ్‌కు అది బాగా అతుకుతుంది. ఆ ఎంజైమ్ ప్రధానంగా చుట్టనే తయారు చేస్తుంది. మన సీడీ38 అలా కాదు. అది విరిచిన ఎన్‌ఏడీలో చాలా కొద్ది భాగమే చుట్ట అవుతుంది, మిగతాది తిన్నగానే ఉండిపోతుంది. ఆ కొద్ది భాగానికీ పెద్ద పని ఉంది. కణం లోపల దాచుకున్న కాల్షియంను విడిపిస్తుంది. సీడీ38 లేని ఎలుకల్లో ఆక్సిటోసిన్ విడుదల తగ్గిందని, తల్లులు పిల్లలను సరిగా చూసుకోలేదని 2007లో తేలింది. వయసు పెరిగేకొద్దీ సీడీ38 పెరిగి ఎన్‌ఏడీని తినేస్తుందని 2016లో మళ్లీ ఎలుకల్లోనే చూపారు. వీటిని చూసి రేపే వృద్ధాప్యం ఆగిపోతుందని రాసే వ్యాసాలను నమ్మకండి.

మీ మామయ్యగారి జబ్బులో చెడిన ప్లాస్మా కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎముక మూలుగలో పెరుగుతాయి. వాటి పైపొర మీద సీడీ38 దండిగా ఉంటుంది. అమెరికాలో 2015లో అనుమతి వచ్చిన డారటుముమాబ్ లాంటి మందులు ప్రధానంగా దాన్ని ఆనవాలుగా పట్టుకుని, ఆ కణాలను రోగనిరోధక వ్యవస్థకు పట్టిస్తాయి. ఆయన మందు ఈ రకానిదైతే, అది అర్థం కావడానికి చక్రమూ అక్కర్లేదు, వలయమూ అక్కర్లేదు.

ఇక ‘చేత చక్రీకరించబడుతుంది’ సంగతి. ఈ ‘బడు’ను మానండని ఎన్నాళ్లుగానో రాస్తున్నాను. తెలుగులో చేసేవాడు ముందుంటాడు. అన్నం తింటాం, అన్నం మన చేత తినబడదు. ‘వలయీకరణ’ను పాఠ్యపుస్తకానికి వదిలేస్తాను, అక్కడ ఒక స్థిరమైన మాట కావాలి గనక తప్పనను. మీ మామయ్యగారికి చెప్పేటప్పుడు మాత్రం ఆ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘సీడీ38 అనే ఎంజైమ్ ఎన్‌ఏడీని విరుస్తుంది, అందులో కొంచెం ముక్కను చుట్టగా కలుపుతుంది.’