మిగిలిన ముక్కలకు ముందు ఒక పని ఇవ్వండి

కార్డులు, కుట్టుపని, అల్లిక చేయగా మిగిలిన ముక్కలు పెట్టెడు ఉన్నాయన్నారు. వాటితో మిక్స్‌డ్ మీడియా బొమ్మ (కాగితం, గుడ్డ, రంగులు లాంటివి కలిపి చేసేది) చేయబోతే ప్రతిసారీ చిందరవందరగా వస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ జిగురు వాడాలి అని అడిగారు. ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి నా చేతికి తెలిసింది చెబుతాను.

ముందు జిగురు పక్కన పెట్టేయండి. పెట్టెలో ఉన్నవన్నీ వాడేయాలనిపించడమే అసలు చిక్కు. నా మొదటి అట్ట మీద పదకొండు రంగులు, లేసు, పూసలు, బంగారు రంగు కాగితం అన్నీ ఎక్కించాను. ఏ ముక్కకా ముక్క అందంగానే ఉంది, కానీ కన్ను ఎక్కడా నిలవలేదు. రెండు వారాలు అలాగే చూసి చూసి, ఒకరోజు తెల్ల అక్రిలిక్ రంగును నీళ్లతో పలచన చేసి ముప్పాతిక భాగం మీద పూసేశాను. ఆరకముందే తడిగుడ్డతో తుడిచాను. లేసు కన్నాల్లో, గుడ్డ నేతలో రంగు ఇంకిపోయింది, పైకి ఉబ్బిన చోట్ల తుడుచుకుపోయింది. నీలం గుడ్డ అంచు ఒకటి, సగం మునిగిన గుండీ ఒకటి మాత్రం స్పష్టంగా మిగిలాయి. అంతవరకూ దేనికదిగా ఉన్న ముక్కలు ఒకే గోడ మీది గీతల్లా కలిసిపోయాయి. అప్పటినుంచి ముక్కలు అతికించాక పలచటి రంగు పూత ఒకటి వేయకుండా నేను ఏ బొమ్మా ముగించలేదు.

1912లో చిత్రకారుడు పికాసో చేసిన ‘స్టిల్ లైఫ్ విత్ చైర్ కేనింగ్’ (కుర్చీ అల్లికతో నిశ్చల చిత్రం) ఫోటో దొరికితే చూడండి. పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్క, దాని మీద రంగులు, చుట్టూ నిజమైన తాడు. తాడు తాడుగానే కనిపిస్తుంది, కానీ చట్రం పని చేస్తుంది. నేను ముక్కను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా అడిగేది ఇదే: నువ్వు ఈ బొమ్మలో ఏం చేస్తావు? గీతవా, నీడవా, అంచువా? జవాబు రాకపోతే తిరిగి పెట్టెలోకే. అలాగని ముక్కలు విలువైనవి కానక్కర్లేదు. జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ ట్రామ్ టికెట్లు, చిత్తుకాగితాలు అతికించేవాడు. కొమ్మెర్జ్ (జర్మన్‌లో వాణిజ్యం) అనే మాట ఉన్న ప్రకటనలోంచి కత్తిరించగా మిగిలిన మెర్జ్ అన్న తునకే ఆయన తన కళకంతటికీ పెట్టుకున్న పేరు.

ఇక మొదలుపెట్టే తీరు. పారేయడానికి మనసొప్పని ముక్క ఒక్కటి ఎంచుకోండి. దానిలోని రెండు రంగులు, వాటికి తోడు తెలుపో బూడిదరంగో, అంతే. మిగతా ముక్కల్లో ఒకటి నున్నగా, ఒకటి గరుకుగా ఉండేలా, ఒకటి దారంలా సన్నగా సాగేలా చూసుకోండి. అతికించకుండా పరిచి, ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తే గట్టి నలుపు ముక్క ఒకటి కావాలన్నమాట. ఈ ఒక్క అలవాటు నాకు చాలా బొమ్మలను కాపాడింది.

జిగురు సంగతి. పలచటి కాగితానికి తెల్ల జిగురులో కొంచెం నీళ్లు కలిపి కిందా పైనా బ్రష్‌తో రాస్తే చాలు. గుడ్డకు కత్తిరించబోయే గీత పొడవునా జిగురు రాసి, ఆరాక కత్తిరించండి, పోగులు ఊడవు. గుండీలు, పూసలు చిక్కటి జెల్ మీడియంతో (అక్రిలిక్ రంగులతో వాడే, జిగురులా అతికే ముద్ద) అతికించి రాత్రంతా కదలకుండా పరిచి ఉంచాలి. బరువైన గుండీనైతే నేను అట్టకు సూదితో కన్నాలు చేసి దారంతో కుట్టేస్తాను. పలచటి అట్ట ఒకవైపే తడిసి ఆరితే వంకర తిరుగుతుంది, వెనుక కూడా ఒక కాగితం అతికిస్తే రెండువైపులా సమంగా లాగుతుంది.

మూడు జాగ్రత్తలు మరవకండి. ఇంక్‌జెట్ ప్రింటు మీద తడి జిగురు తగిలితే ఇంకు పాకిపోతుంది. నాకు ఒక ముఖచిత్రం మొత్తం ఊదా మరకైపోయి ఏడుపొచ్చింది. అప్పటినుంచి ఫోటోకాపీ తీసినవే వాడుతున్నాను. న్యూస్‌ప్రింట్‌లో (వార్తాపత్రిక కాగితంలో) లిగ్నిన్ అనే కలపలోని పదార్థం ఉంటుంది, వెలుతురుకు పసుపెక్కుతుంది. ఆ పసుపు మీకు ఇష్టమైతే సరే, లేదంటే దానికీ ఫోటోకాపీయే దారి. ఆయిల్ పేస్టెల్ (నూనె కలిసిన రంగు కడ్డీ) గీతలు ఉంటే అన్నిటికన్నా చివర వేయండి, వాటి మీద అక్రిలిక్ నిలవదు.

ఈసారికి అరచేయంత అట్ట, ఐదు ముక్కలు. మిగిలినవి పెట్టెలోనే ఉండనివ్వండి, తొందరలేదు. నా దగ్గర ఒక గోధుమరంగు లేసు నాలుగేళ్లు అలాగే పడి ఉంది. కిందటి నెల ఒక బొమ్మలో కిటికీకి తెర అవసరమైంది, అచ్చంగా ఆ కొలతకే సరిపోయింది.