ఆషాఢం మునగాకు, అమ్మ గుండె మాత్ర

రక్తం పలచబడే మాత్ర వాడుతున్న మీ నాన్నగారు ఆకుకూరలు పూర్తిగా మానేయాలా అని అడిగారు. మానవద్దనే నా సమాధానం. మా అమ్మ చేత రెండేళ్లు మాన్పించి, అదే ఆమె ప్రాణం మీదకు ఎలా తెచ్చిందో చూసినవాణ్ణి కనుక కొంత గట్టిగానే చెబుతున్నాను.

చిన్ననాటి కీళ్లవాత జ్వరం వల్ల పాడైన గుండె కవాటాన్ని తీసి, అమ్మకు లోహపు కవాటం అమర్చారు. దానిమీద రక్తం గడ్డకట్టకుండా ఆమె రోజూ ఎసినోకౌమరాల్ మాత్ర వేసుకోవాలి. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివారు ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఆకుకూరలు తినరాదని ఒక్క వాక్యం ఉంది. ఎందుకో, ఏ ఆకో, ఎంతో లేదు. అమ్మ దానిని వ్రతంలా పాటించి, పాలకూర, తోటకూర సరే, చారులో కొత్తిమీరను కూడా వంటింట్లోకి రానివ్వలేదు. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చూపే ఐ.ఎన్.ఆర్. పరీక్షను నెలనెలా చేయించేవాళ్లం; అందులో అంకె 3 దగ్గరే నిలిచేది కాబట్టి మేమూ నిశ్చింతగా ఉన్నాము.

అలా ఉండగా ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో మునగాకు తినకపోతే ఎలాగంటూ మా పిన్ని ఊరి నుంచి పెద్ద మోపు తెచ్చింది. "ఇది కూర కాదక్కా, మందు" అన్న ఆమె మాట, రెండేళ్లుగా ఆకు రుచి ఎరుగని అమ్మకు బాగా నచ్చింది. పెసరపప్పు వేసి కూర, మరునాడు వేపుడు, మిగిలినదంతా ఎండబెట్టి కారప్పొడి. రెండు వారాలు పూటపూటా అదే. ఆ నెల పరీక్షలో 1.6 వచ్చింది. ఆమెకు 2.5కూ 3.5కూ మధ్య ఉండవలసిన అంకె అది. కవాటం మీద గడ్డ ఏర్పడవచ్చని, ముక్క విడివడి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చని చెప్పి, అంకె పైకి వచ్చేదాకా రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్లు పొట్టకు ఇచ్చారు. ఏ ప్రమాదమూ జరగకపోవడం మా అదృష్టం.

అప్పుడు చూసిన పెద్ద డాక్టరుగారు మందలించకుండా, కాగితం మీద తక్కెడ బొమ్మ గీసి చూపించారు. ఆకుకూరల్లోని కె విటమిన్‌తో కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను తయారు చేసుకుంటుంది; మాత్ర ఆ పనికి అడ్డుపడుతుంది. ఆకు అసలే లేని తిండికి సరిపడేలా మోతాదు కుదిరాక ఒక్కసారిగా మునగాకు పడితే ఆ తూకం తప్పుతుంది. "మీరు తినేదేమిటో చెప్పండమ్మా, దానికి మాత్ర నేను సరిపెడతాను" అన్న ఆయన మాట మొదటి కాగితంలోనే ఉండవలసింది.

ఈ మందుల వంశం బయటపడిందే మేత వల్ల. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చనిపోవడంతో మొదలైన పరిశోధన, అమ్మ మాత్రకు దగ్గరి చుట్టమైన వార్ఫరిన్ మందు దాకా వచ్చింది. మన ఫోన్లలో తిరిగే, తినకూడనివాటి జాబితాలు మాత్రం ఆ ఖండాన్ని విడిచి రాలేదు. వాటిలో కేల్ ఆకు, గ్రేప్‌ఫ్రూట్ ఉంటాయి, మునగాకు ఉండదు. మా రైతు బజారులో నేను కేల్ ఆకును ఇంతవరకు చూడలేదు. తెలుగువారి పళ్లెం చూసి రాసిన ఒక్క పేజీ రోగి చేతిలో పెట్టడం అంత కష్టమా?

తూకం రెండో వైపుకూ తప్పుతుంది. ఒకసారి విరేచనాలు పట్టుకుని అమ్మ మూడు రోజులు గంజితో గడిపింది. పైగా మందుల షాపువాడు అడగకుండానే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాడు. అది ఈ మాత్ర ప్రభావాన్ని పెంచుతుంది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేదాకా మాకు ఆ సంగతి తెలియదు.

కాబట్టి మీ నాన్నగారు వారానికి ఎన్నిసార్లు, ఎంత ఆకుకూర తింటారో రాసుకుని వెళ్లి డాక్టరుకు చూపించండి. మోతాదును మీరుగా మార్చకండి. మా ఇంట్లో మంగళవారం, శనివారం ఆకుకూర, ఒక్కొక్కసారి ఒక కప్పు. ఆషాఢంలో మంగళవారపు పాలకూర బదులు మునగాకు, అదే కప్పుతో. ఆ కప్పు మరీ చిన్నదని అమ్మ ఇప్పటికీ నాతో తగువు పెట్టుకుంటుంది.