చెయ్యి ఊపితేనే వెలిగే లైటు మాకెందుకు?

వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లు చెయ్యి కదపకుండా లైట్లు, ఫ్యాన్లు నడవాలంటే ఏ సెన్సర్ కొనాలి అని అడిగారు. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిని పదకొండేళ్లుగా కుర్చీలోనే ఉన్నాను. మోచేతులు వంగుతాయి, వేళ్లు పనిచెయ్యవు. నన్నడిగితే ఏది కొన్నారన్నదానికన్నా ఎలా బిగించారన్నదే ముఖ్యం.

మొదట మా తమ్ముడు బాత్రూమ్‌లో మామూలు మోషన్ సెన్సర్ పెట్టాడు. నాలుగుసార్లు లోపలికీ బయటికీ నడిచి చూసి "సూపర్‌గా ఉందన్నా" అన్నాడు. ఆ రాత్రి రెండింటికి షవర్ చెయిర్‌లో కూర్చున్నాను. నిమిషం అయిందో లేదో లైటు ఆరిపోయింది. కటిక చీకటి. చెయ్యి ఊపొచ్చు కదా అంటారు. నాకు నడుము పట్టు లేదు, ఊపితే ముందుకు తూలిపడతాను. తల అటూ ఇటూ తిప్పాను, లాభం లేదు. హాల్లో ఉన్న, మాటతో నడిచే స్పీకర్‌ని గట్టిగా పిలిచాను. రెండు తలుపుల అవతల దానికి ఏం వినిపించిందో, పాట పెట్టింది. ఆ పాటకి లేచొచ్చాడు తమ్ముడు. వాడు తలుపు తియ్యగానే లైటు వెలిగింది, ఏమీ ఎరగనట్టు.

ఆ మామూలు మోషన్ సెన్సర్‌నే పీఐఆర్ అంటారు, అదంతే. ఒంటి వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగితేనే దానికి తెలుస్తుంది. కదలకుండా కూర్చున్నవాడు దానికి గోడతో సమానం. ఎదురుగా వచ్చేవాణ్ని కూడా అడ్డంగా దాటేవాణ్ని పట్టినంత బాగా పట్టదు. పెంపుడు జంతువుల్ని వదిలేసే రకం మాత్రం కొనకండి, కింద తిరిగేవాటి లెక్కలో మనల్నీ కలిపేస్తుందేమోనని నా భయం. ఇప్పుడు మా ఇంట్లో ఎవరేది బిగించినా ముందు నా కుర్చీలో కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు కదలొద్దంటాను.

పీఐఆర్‌ని లైటు వెలిగించడానికి ఉంచుకోండి, అది వెలుగుతూ ఉండటానికి ఎంఎంవేవ్ ప్రెజెన్స్ సెన్సర్ (మనిషి గదిలో ఉన్నాడా లేదా అని చూసేది) పెట్టండి. ఈ సెన్సర్ 24 లేదా 60 గిగాహెర్ట్జ్ రాడార్, ఊపిరికి ఛాతీ కదిలినా పసిగడుతుంది. ఫ్యాన్‌నీ, ఊగే కర్టెన్‌నీ కూడా మనిషే అనుకుంటుంది, అందుకే వాటివైపు తిప్పొద్దు.

ఇక అందరూ ఇచ్చే సలహా, వాయిస్ అసిస్టెంట్. గొంతు పోయిన రోజు? నెట్ పోయిన రోజు? మెడ దెబ్బ తగిలినవాళ్లలో చాలామందికి ఊపిరి బలమే తక్కువ, అరవమంటే ఎక్కడ అరుస్తారు?

నాకు బాగా కలిసొచ్చింది జిగ్బీ డోర్ సెన్సర్, అంటే తలుపు తీసుందో మూసుందో వైర్ లేకుండా కబురిచ్చేది. లోపల అయస్కాంతం దగ్గరికొస్తే కలుసుకునే చిన్న రీడ్ స్విచ్ ఉంటుంది. దాని రెండు కొసలకీ వైర్లు సోల్డర్ చేసి తమ్ముడు 3.5 మిల్లీమీటర్ల జాక్ పెట్టాడు. వికలాంగుల కోసం చేసే పెద్ద బటన్లకు మామూలుగా ఆ పిన్నే వస్తుంది. బటన్‌ని హెడ్‌రెస్ట్ పక్కన బిగించాడు. తల వాలిస్తే బటన్ నొక్కుకుంటుంది, తలుపు మూసుకుందనుకుని సెన్సర్ కబురిస్తుంది, లైటు వెలుగుతుంది. మొదట్లో కునుకు పట్టినప్పుడల్లా వెలిగేది. ఇప్పుడు రెండుసార్లు నొక్కితేనే పనిచేసేలా మార్చాం.