ప్రింట్‌మేకింగ్ చదివితే ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎఫ్ఏ పెయింటింగ్ చివరి సంవత్సరంలో ఉంది. మా పాత పెంకుటిల్లు ఏటికేడు శిథిలమవుతున్న తీరునే బొమ్మలుగా వేస్తోంది. ఎంఎఫ్ఏలో ప్రింట్‌మేకింగ్ తీసుకుంటానంటోంది. పెయింటింగే కొనసాగించమని చెప్పమంటారా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: వద్దని చెప్పకండి. ప్రింట్‌మేకింగ్ అంటే పలక మీద బొమ్మ గీసి లేదా చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీయడం. ఆమె ఎంచుకున్న విషయానికి ఆ విద్య సరిగ్గా సరిపోతుంది. పెయింటింగ్‌లో కొత్త పూత పడితే కింది బొమ్మ మరుగున పడుతుంది. ప్రింట్‌మేకింగ్‌లో ఒక పద్ధతైన ఎచింగ్‌లో జింకు పలక మీద మైనం కలిసిన పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ఉంచుతారు. ఎంత ఎక్కువసేపు ఉంచితే గీత అంత లోతుగా తెగి, కాగితం మీద అంత నల్లగా పడుతుంది. గోడకు బీట పడకముందు ఒక ప్రింటు తీసుకుని, అదే పలక మీద బీటను గీసి మరొకటి తీయవచ్చు. పాత దశ కాగితం మీద భద్రంగా ఉంటుంది.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1653లో చెక్కిన 'మూడు శిలువలు' పలకనే కొన్నేళ్ల తర్వాత మళ్లీ గీకి, గీసి, దృశ్యాన్ని దాదాపు చీకటితో నింపాడు. రెండు దశల ప్రింట్లూ నేటికీ ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడమనండి. మన దగ్గర, మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ బరోడాలో చదువుకుని, తన పల్లె జ్ఞాపకాలను ఎచింగ్‌లుగా మలిచారు. పెయింటింగ్‌నూ వదల్లేదు. మీ అమ్మాయీ వదలనక్కర్లేదు.

ఇక ఉపాధి. తొలి ఏళ్లలో బొమ్మల అమ్మకం మీదే బతకడం కష్టం. పెయింటింగ్ చేసినా అంతే. ఒకే పలక నుంచి సంఖ్య వేసి, సంతకం చేసి, ఇరవై ప్రతులు అమ్ముకునే వీలు మాత్రం ప్రింట్లకే ఉంది. ఒక్కో ప్రతి ధర పెయింటింగ్ కంటే తక్కువ కాబట్టి, కొత్తగా కొనేవారికీ అందుతుంది. బోధన వైపు వెళ్లాలంటే ఎంఎఫ్ఏ తర్వాత అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్స్ రాయాలి. 18–25 ఏళ్లవారికి కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది. వయసు దాటకముందే దరఖాస్తు చేయించండి.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే ఉంది. రంగులూ కాన్వాసూ ఇంట్లో పెట్టుకోవచ్చు, పలక నుంచి అచ్చు తీసే యంత్రం, అంటే ప్రెస్సు, పెట్టుకోలేం. డిగ్రీ పూర్తయ్యాక ప్రెస్సు దొరకక ఈ పని మానేసేవారు చాలామంది. అందుకే కాలేజీ పేరు కన్నా వర్క్‌షాపును చూసి చేరండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, శాంతినికేతన్ కళాభవన్... ఎక్కడికైనా ఆమెతో కలిసి మీరే ఒకసారి వెళ్లండి. ఎన్ని ప్రెస్సులు పనిచేస్తున్నాయి? సాయంత్రం తర్వాత గది తెరిచి ఉంటుందా? యాసిడ్ పొగ బయటికి పోయే ఏర్పాటు ఉందా? ఈ చివరి ప్రశ్న తండ్రిగా మీరు తప్పకుండా అడగాలి. చదువయ్యాక లలిత కళా అకాడమీ చెన్నై కేంద్రం, ఢిల్లీ గఢీ స్టూడియోల వంటి చోట్ల పనిచేసుకునే అవకాశం కోసం ఇప్పటినుంచే వాకబు చేయండి.

ప్రవేశాలకు ఇంకా సమయం ఉంది కాబట్టి సులువుగా చెక్కుకోగల లినోలియం షీటు మీద ఇంట్లోనే మొదలుపెట్టమనండి. దానికి ప్రెస్సు అవసరం లేదు, చెంచా వెనుక భాగంతో రుద్దినా ప్రింటు వస్తుంది. ఇంటి బొమ్మనే చెక్కుతూ, ప్రతి దశలో ఒక ప్రతి తీసి, తేదీ వేసి, ఇంటర్వ్యూకు ఆ వరుసంతా తీసుకెళ్లమనండి.