ఫీజు కట్టే ముందు

అల్లుడూ,

నువ్వు పంపిన కరీంనగర్ పూల్ టోర్నమెంట్ పోస్టర్ చూశాను. ‘మొదటి బహుమతి లక్ష’ అని పెద్ద అక్షరాలు. కింద ఎంట్రీ ఫీజు 1,500, మొత్తం 64 మంది, రెండు రోజుల ఆట. ఏ క్యూ, అదే ఆడే కర్ర, తీసుకెళ్లాలని నువ్వడిగావు, నేనేమో లెక్కలు వేస్తూ కూర్చున్నాను.

64 మంది తలా 1,500 కడితే 96 వేలు. అది మొదటి బహుమతికే చాలదు. రన్నరప్‌కు ఇచ్చేది, పార్లర్ టేబుళ్ల కిరాయి, రెఫరీలు, ట్రోఫీలు అన్నీ దానిమీదే. మిగతా పైసలు ఎవరు పెడుతున్నారో అడుగు. మొహమాటపడకు. స్పాన్సర్ ఉన్నవాడు ఆ పేరు చెప్పడానికి ఉబలాటపడతాడు. లేనివాడు “ముందు ఆడు తమ్మీ, తర్వాత చూద్దాం” అంటాడు.

ఆ మాట నేనూ విన్నాను. ఫైనల్ అయ్యేసరికి రాత్రి రెండు. వేళ్లకు క్యూ కొసకు రాసే నీలం చాక్ అలాగే ఉంది, ఆ వేళ్లతోనే చెక్కు అందుకుంటే అంచున మరక పడింది. బ్యాంకులో వేస్తే తిరిగొచ్చింది. చెక్కు చెల్లలేదని బ్యాంకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లోపు, చెక్కు ఇచ్చినవాడికి నోటీసు పంపాలని నాకు తెలిసేసరికి ఏడాది దాటిపోయింది.

ఇది మన గల్లీ ఆటల్లోనే అనుకోకు. 2006లో అమెరికాలోని రీనోలో ఇంటర్నేషనల్ పూల్ టూర్ వాళ్ల పోటీలో ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రెయెస్ గెలిచాడు. బహుమతి 5 లక్షల డాలర్లు. అంతటి ఆటగాడు గెలిచాక, పైసలు వెంటనే ఇవ్వలేమని నిర్వాహకులు చేతులెత్తేశారు. తర్వాత విడతలుగా ఇవ్వడం మొదలుపెట్టారు.

అలాగని నిర్వాహకులందరూ దొంగలు కారు. హన్మకొండలో నేనూ ఒకసారి 32 మందితో పోటీ పెట్టాను. పేరిచ్చిన వాళ్లలో తొమ్మిది మంది రాలేదు, ఒక్కరూ ఫోన్ చేయలేదు. పొద్దున పదింటికి, ఎవరితో ఎవరు ఆడాలో రాసిన డ్రా షీట్ మీద పేర్లు కొట్టేస్తూ కూర్చున్నాను. వస్తానన్న స్పాన్సర్ కూడా రాలేదు. గెలిచినవాడికి ఇవ్వడానికి మీ అత్త దగ్గర అప్పు చేశాను. ఆమె ఇప్పటికీ గుర్తు చేస్తుంది. కాబట్టి పేరిస్తే వెళ్లు. వెళ్లలేకపోతే రెండు రోజుల ముందే చెప్పు. టేబుల్ క్లాత్ బాగాలేకపోతే మ్యాచ్ మొదలవకముందే టోర్నమెంట్ డైరెక్టర్‌తో చెప్పు. ఓడిపోయాక ఇన్‌స్టాగ్రామ్‌లో తిట్టేవాణ్ని మళ్లీ ఎవడూ పిలవడు.

ఇవాళే నిర్వాహకుడికి వాట్సాప్‌లో మర్యాదగా రాయి: ఏ స్థానానికి ఎంత, ఏ రోజు ఇస్తారు, నగదా ట్రాన్స్‌ఫరా, 64 మంది నిండకపోతే బహుమతి తగ్గిస్తారా. చివరి ప్రశ్న మాత్రం మర్చిపోకు, పేచీలు ఎక్కువగా వచ్చేది అక్కడే. బహుమతిలోంచి పన్ను (టీడీఎస్) పట్టుకుంటామంటే సర్టిఫికెట్ ఇస్తారా అని కూడా అడుగు. జవాబు ఫోన్‌లో చెప్పినా, “మీరు చెప్పింది ఇదే కదా అన్నా” అని మళ్లీ మెసేజ్ పెట్టు.

ఇంకొకటి, ఈ పోటీకి ఆట రాష్ట్ర సంఘం గుర్తింపు ఉందా కనుక్కో. 2024లో ప్రపంచ పూల్ సంఘానికీ, పెద్ద పోటీలు నడిపే మ్యాచ్‌రూమ్ కంపెనీకీ గొడవ ముదిరింది. గుర్తింపు లేని పోటీ ఆడితే వేటు పడుతుందన్న భయంతో మధ్యలో నలిగింది ఆటగాళ్లే. ఆబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు. ఇంత చిన్న పోటీకి అంత కథ ఉండకపోవచ్చు, అయినా ఒక్క ఫోన్‌తో పోయేదానికి బద్ధకమెందుకు.

జవాబు రాగానే నాకు పంపు. సరిగ్గా ఉంటే శనివారం పొద్దున ఆరింటికి హన్మకొండ బస్టాండ్‌లో కలుద్దాం, నేనూ వస్తాను. బ్రేక్‌కు, అంటే బంతులు చెదరగొట్టే మొదటి దెబ్బకు, నా క్యూ తీసుకో. కేసు జేబులో నీలం మరకున్న చెక్కు కనబడుతుంది, దాన్ని మాత్రం అక్కడే ఉండనివ్వు.

మీ మామ