ముందు తరాల త్యాగాలకు రుణం తీర్చుకోవడం ఎలా?

"మనకంటే ముందు తరం వాళ్ళు పడిన కష్టాలకు కృతజ్ఞత ఎలా చూపించాలి, అసలు చూపించడం అవసరమా?" అని అడిగారు. అవసరమే. కానీ ఎవరికి చూపించాలో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మాది చిత్తూరు దగ్గర పల్లె. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మా ఇంట్లో మొదట చదువుకున్నది మా నాయన. తాత రాత్రింబగళ్ళు చెరుకు పండించి, బెల్లం చిత్తూరు మండీకి తోలి చదివించాడని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడే, 1954లో, తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్సిటీ పెట్టారు కాబట్టి సరిపోయింది. లేకుంటే మద్రాసుకు పంపే స్తోమత తాతకు ఎక్కడిది! ఇంట్లో ఎప్పుడు ఈ కథ చెప్పుకున్నా తాత, నాయన, యూనివర్సిటీ, అంతే. నాయనకు అక్క, మా పెద్దత్త పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

కొన్నేళ్ళ కిందట పింఛను కోసం పెద్దత్తను వేలిముద్ర వేయించడానికి తీసుకెళ్ళాను. మిషన్ మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పడలేదు. చేతులు కడిగించి, తుడిచి మళ్ళీ పెట్టించారు. పదివేళ్ళలో ఒక్కటీ పడలేదు. ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకుని చూస్తే వేళ్ళ కొసలు గచ్చులాగా నున్నగా ఉన్నాయి. గీత అన్నది లేదు. చివరికి కంటిపాపతో సరిపెట్టారు.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

అప్పట్లో బోర్లు లేవు, కపిల బావి. ఎద్దుల్ని పల్లంలోకి తోలుతూ నీళ్ళు తోడేది తాత. ఆ నీళ్ళను మళ్ళకు మళ్ళించడానికి రెండో మనిషి ఉండాలి, దాన్ని మడవ కట్టడం అంటారు. ఒక మడి నిండగానే పారతో మట్టి లాగి గండి మూయాలి, వెంటనే పక్క మడికి తెరవాలి. ఒక్క నిమిషం ఏమరితే నీళ్ళు గెనిమ, అంటే మడి గట్టు, తెంచుకుని పోతాయి, ఎద్దుల కష్టమంతా వృథా. కూలి ఇచ్చి మనిషిని పెట్టుకునే శక్తి లేదు. పదకొండేళ్ళ అత్తను బడి మాన్పించి మడవకు నిలబెట్టారు. కోడి కూయకముందే లేచి బురదలో దిగేది. చలికాలంలో కాలివేళ్ళ సందులు నాని పుండ్లు పడితే పసుపు, నూనె పూసుకుని మళ్ళీ దిగేది. నాయన ఆ గెనిమ మీదుగానే పుస్తకాల సంచి తగిలించుకుని బడికి పోయేవాడు.

నాయన పాసైన ఏడు అత్త తిరుమలకు నడిచి పోయి మొక్కు తీర్చింది. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, ప్రతి మెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెట్టింది. ఆ సంగతీ నాకు ఆ రోజే తెలిసింది. నేనూ ఆ దారిన ఎన్నోసార్లు ఎక్కాను. మెట్ల మీద ఆ పసుపు చూస్తే ఇప్పుడు ముందుకు కాలు సాగదు, ఎవరి కోసం ఎవరు వంగారో అనిపిస్తుంది.

మా వైపు సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం. పోయినవాళ్ళ ఫోటోల ముందు కొత్త పంచె, చీర, వాళ్ళకు ఇష్టమైన వంటలు. మంచి ఆచారమే, నేనూ శ్రద్ధగా చేస్తాను. కానీ బతికున్న మనిషి నలభై, యాభై ఏళ్ళు పక్క వీధిలోనే ఉంటే, నీ వల్లే నేను చదివాను అక్కా అని ఒక్కసారి కూడా అనలేదే అని నాయన కుమిలిపోయాడు. ఆ సంక్రాంతికి చీర తీసుకుని తనే వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. అరవై దాటిన మనిషి అక్క కాళ్ళకు దండం పెట్టి ఆ మాట అన్నాడు. అత్త కంగారుపడి "లేరా, ఏం మాటలివి" అంటూ లేపింది.

కాబట్టి మీ ప్రశ్నకు నేను చెప్పేది ఒకటే. మీ ఇంట్లో చెప్పుకునే కథలో ఎవరి పేరు రాలేదో కనుక్కోండి. మీ అమ్మను, అవ్వను కూర్చోబెట్టుకుని అడగండి. వాళ్ళు ఉన్నప్పుడే వెళ్ళి చెప్పండి.

ఆ రోజు కాఫీ తాగుతూ అత్తను అడిగాను, బడి గుర్తుందా అని. పదమూడో ఎక్కం మొదటి నుంచి చివరి దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పింది. తర్వాత ఆగింది.

"పద్నాలుగు మీ నాయన్ని అడుగు. అది చెప్పే నాటికి నేను మడవ కాడ ఉండాను" అంది.